ధాన్యానికి పన్ను లేదంటారు, మరి రైతు కట్టిన జీఎస్టీ ఎవరి ఖాతాలో పడుతోంది?

సార్వా_దాళ్వా
మాది రాజోలు దగ్గర పల్లెటూరు. సొంత భూమి కొంచెం ఉంది, మిగిలినది కౌలు. దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, పురుగుమందులు కొన్నప్పుడు ఈసారి పట్టుబట్టి బిల్లు తీసుకున్నాను. మొత్తం 3,540 రూపాయలు, అందులో 540 రూపాయలు జీఎస్టీ అని విడిగా రాసి ఉంది. ఎరువుల బిల్లులో 5 శాతం ఉంది. బోరుకు కొన్న పీవీసీ పైపుల మీద మళ్లీ 18 శాతం. తీరా పంట చేతికొచ్చి ధాన్యం అమ్మినప్పుడు మాత్రం "ధాన్యానికి పన్ను లేదు కనుక జీఎస్టీతో మీకు సంబంధం లేదు" అంటున్నారు. అదే మందు తెచ్చి నాకు అమ్మిన దుకాణదారు తాను కట్టిన పన్నును సర్దుబాటు చేసుకుంటాడట. నా 540 రూపాయలు ఎక్కడ సర్దుబాటు అవుతాయి? అసలు ఈ పన్ను విధానం వల్ల ఎవరు లాభపడుతున్నారో తెలిసినవారు వివరించండి. పార్టీల గొడవ మాత్రం వద్దు.

లెడ్జరు_భీమవరం
మీ బిల్లునే ఉదాహరణగా తీసుకుంటాను, అంకెలు ఊహించినవే. కంపెనీ ఆ మందులను డీలరుకు 2,000 రూపాయలకు అమ్మి, 360 పన్ను వసూలు చేసి జమకడుతుంది. డీలరు మీ ఊరి దుకాణదారుకు 2,500కు అమ్మి 450 వసూలు చేస్తాడు. తాను ముందే చెల్లించిన 360 తీసివేసి 90 మాత్రమే జమకడతాడు. దుకాణదారు మీ దగ్గర 540 తీసుకుని, 450 మినహాయించుకుని మరో 90 కడతాడు. 360, 90, 90 కలిపితే మీ 540 సరిగ్గా సరిపోతుంది. అంటే గొలుసులో ఉన్న ముగ్గురిలో ఎవరి జేబులోంచీ రూపాయి పోలేదు, వాళ్లు వసూలు చేసి అప్పగించారంతే. దీన్నే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ అంటారు. గొలుసు తెగిన చోట ఉన్నవాడు మొత్తం భరిస్తాడు. మీరు అమ్మే ధాన్యానికి పన్ను లేదు, చట్టంలోని 23వ సెక్షను ప్రకారం సేద్యం చేసే రైతుకు రిజిస్ట్రేషన్ అవసరమూ లేదు. కాబట్టి చట్టం దృష్టిలో మీరు పంట పండించేవారు కాదు, మందు డబ్బాను "వాడుకున్న" ఆఖరి వినియోగదారు.

సీఏ_ఇంటర్_కుర్రాడు
ఒక చిన్న చేర్పు. ఆ 540లో 270 కేంద్రానికి, 270 మన రాష్ట్రానికి వెళుతుంది. కేంద్రానికి వెళ్లిన భాగం కూడా పంచవలసిన కేంద్ర పన్నుల మొత్తంలో కలుస్తుంది, అందులో 41 శాతాన్ని ఆర్థిక సంఘం లెక్క ప్రకారం రాష్ట్రాలన్నింటికీ పంచుతారు.

సార్వా_దాళ్వా
డబ్బు ఎటు పోతోందో అర్థమైంది. పంట అమ్మి బతికేవాణ్ణి వినియోగదారు అనడం ఏ న్యాయమో మాత్రం అర్థం కాలేదు. నేను ఆ మందు తాగడం లేదు కదా.

మండపేట_మిల్లు
తమ్ముడూ, గొలుసు మీ దగ్గరే తెగిందనుకుంటున్నారు, మా మిల్లులోనూ తెగుతుంది. విడిగా అమ్మే బియ్యానికి పన్ను లేదు. పన్ను లేని సరుకు అమ్మేవాడికి క్రెడిట్ కూడా లేదు. సార్టెక్స్ మిషను (రంగు మారిన గింజలను ఏరేసేది), దాని విడిభాగాలు, ప్లాస్టిక్ సంచులు, వీటన్నింటి మీదా మేము కట్టిన పన్ను ఖర్చు కిందికి వెళ్లి ధరలో కలిసిపోతుంది. ధర పెంచుకోలేని రోజున ఆ భారం ధాన్యం కొనే రేటు మీద పడుతుంది. చేదు మాటే, అయినా ఉన్నమాట చెబుతున్నాను.

2022 జులై 18 నుంచి వచ్చిన మరో చిత్రం వినండి. ముందుగా సంచుల్లో నింపి లేబులు వేసిన బియ్యం 25 కిలోల వరకు ఉంటే 5 శాతం పన్ను, 25 కిలోలు దాటితే పన్ను లేదు. అంతకుముందు బ్రాండును బట్టి పన్ను ఉండేది. ఆ మార్పు రాగానే బజారంతా 26 కిలోల బస్తాలతో నిండిపోయింది.

పాలకొల్లు_కిరాణా
అందుకే మా దుకాణంలో నెలకు పది కిలోలు చాలునన్న ముసలి దంపతులు పన్ను కట్టి కొనుక్కుంటారు, ఉమ్మడి కుటుంబంవారు 26 కిలోల బస్తా పన్ను లేకుండా పట్టుకెళతారు. బక్కవాడి మీదే బరువు. విడిగా తూచి ఇస్తే పన్ను ఉండదు కానీ, ఈ రోజుల్లో విడి బియ్యం అడిగేవారు తగ్గిపోయారు.

సీఏ_ఇంటర్_కుర్రాడు
ఆ అదనపు కిలో బియ్యానికి వ్యవసాయశాఖ వారు సన్మానం చేయాలి, వినియోగం పెంచినందుకు.

పాత_చెక్‌పోస్టు
వాణిజ్య పన్నుల శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మిల్లు గారు చెప్పినది నిజమే, అయితే పాత రోజులు బంగారమని ఎవరూ అనుకోవద్దు. 2005 ఏప్రిల్ నుంచి వ్యాట్, అంటే రాష్ట్రం వేసే విలువ ఆధారిత పన్ను, దానితో పాటు కేంద్రం వేసే ఎక్సైజు, సేవా పన్ను, సరిహద్దు దాటితే సీఎస్టీ, అంటే కేంద్ర అమ్మకపు పన్ను, ఉండేవి. కంపెనీ కట్టిన ఎక్సైజు సుంకం ధరలో కలిసిపోయి, ఆ ధర మీద మళ్లీ వ్యాట్ పడేది. పన్ను మీద పన్ను. బిల్లులో కనిపించేది వ్యాట్ ఒక్కటే కనుక రైతుకు మిగిలినది తెలిసేది కాదు. 540 కళ్లకు కనిపిస్తున్నందువల్ల బాధ ఎక్కువైందేమో కానీ, కనిపించని రోజుల్లోనూ కడుతూనే ఉన్నారు.

పెద్ద మార్పు రాష్ట్రాల మధ్య జరిగింది. సీఎస్టీ 2 శాతం ఉన్నప్పుడు మన సరుకు తమిళనాడుకో కేరళకో వెళితే ఆ పన్ను సరుకు బయలుదేరిన రాష్ట్రానికి, అంటే మనకు, దక్కేది. 2017 జులై 1 నుంచి సరుకు ఎక్కడ వినియోగమైతే రాష్ట్రం వాటా అక్కడికే వెళుతుంది. పండించి, తయారుచేసి పంపే రాష్ట్రాలు అప్పట్లో దీనికి అభ్యంతరం చెప్పాయి. అందుకే 2015-16 రాబడిని ప్రాతిపదికగా పెట్టి, ఏటా 14 శాతం పెరుగుదల లెక్కన తరుగు వస్తే ఐదేళ్లు పరిహారం ఇస్తామని చట్టం చేశారు. ఆ గడువు 2022 జూన్‌తో ముగిసింది. మన రాష్ట్రానికి ఇంకొక చిక్కు కూడా ఉంది. కొనుగోళ్లు ఎక్కువగా జరిగే మహానగరం 2014లో పక్క రాష్ట్రానికి వెళ్లింది. వినియోగాన్ని బట్టి దక్కే పన్నులో అది చిన్న విషయం కాదు.

యానాం_వంతెన
సరిహద్దు మాట వచ్చింది కనుక చెబుతున్నాను. మా యానాం చుట్టూ గోదావరి జిల్లాలే ఉన్నా, మేము పుదుచ్చేరి కిందికి వస్తాము. వంతెన దాటి ఎదుర్లంక వెళితే రాష్ట్రం మారుతుంది, జీఎస్టీ నంబరు మొదటి రెండంకెలు 34 నుంచి 37 అవుతాయి. సరుకులు అమ్మేవారికి ఆంధ్రలో ఏడాది అమ్మకాలు 40 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్, మాకు 20 లక్షలకే. పూర్వం వ్యాట్ తేడా చూసుకుని మా దగ్గర కొనేందుకు కాకినాడ నుంచి కూడా వచ్చేవారు. ఇప్పుడు అటూ ఇటూ ఒకే రేటు కనుక ఆ బేరాలు పోయాయి. పెట్రోలు, డీజిలు, మద్యం జీఎస్టీలోకి రాలేదు కనుక వాటి కోసం మాత్రం ఇంకా వస్తున్నారు.

పాలకొల్లు_కిరాణా
ఎందుకు వస్తున్నారో విడమరిచి చెప్పనక్కరలేదండీ, అందరికీ తెలుసు.

రొయ్యల_గట్టు
డీజిలు మాట ఎత్తారు, నా గోడు కూడా వినండి. చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగితే రాత్రికి రాత్రే పంట పోతుంది, కరెంటు లేనప్పుడు జనరేటరే దిక్కు. డీజిలు మీద కేంద్ర ఎక్సైజు, రాష్ట్ర వ్యాట్ రెండూ ఉన్నాయి, వాటికి జీఎస్టీ క్రెడిట్ ఎవరికీ లేదు. కరెంటు కూడా జీఎస్టీ బయటే. రొయ్యల మేతకు పన్ను లేదని గొప్పగా చెబుతారు. మిల్లు గారి లెక్కే దానికీ వర్తిస్తుంది: మేత తయారుచేసే ఫ్యాక్టరీకి యంత్రాల మీద, సంచుల మీద క్రెడిట్ రాదు, అది మేత ధరలో కూర్చుంటుంది.

మా రొయ్యలను కొని, శుద్ధిచేసి, గడ్డకట్టించి విదేశాలకు పంపే ఎగుమతిదారుకు మాత్రం తాను కట్టిన పన్ను వాపసు వస్తుంది. ఇద్దరిదీ ఒకే రొయ్య. గట్టు మీద ఉన్నవాడికి లేనిది ప్లాంటులో ఉన్నవాడికి ఎలా వచ్చింది?

లెడ్జరు_భీమవరం
ఈ చర్చకు ఇదే అసలు ముడి. పైకి చూస్తే "పన్ను లేదు" అన్నది ఒకటే మాట. చట్టంలో మాత్రం అది రెండు రకాలు. మొదటిది మినహాయింపు: అమ్మకంపై పన్ను లేదు, కొనుగోలుపై కట్టినది వెనక్కి రాదు. రెండవది సున్నా రేటు: అమ్మకంపై పన్ను లేదు, కొనుగోలుపై కట్టినది తిరిగి వస్తుంది. మన దేశంలో రెండవ రకం ఎగుమతులకు, ప్రత్యేక ఆర్థిక మండళ్లకు చేసే అమ్మకాలకు ఉంది. రైతు, విడి బియ్యం అమ్మే మిల్లరు, మేత ఫ్యాక్టరీ మొదటి రకంలో ఉన్నారు.

ఇంకా విచిత్రమేమిటంటే, దేశంలో మినహాయింపు ఉన్న సరుకైనా ఎగుమతి చేస్తే క్రెడిట్ తీసుకోవచ్చని ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలు, ఎగుమతుల జీఎస్టీ) చట్టం 16వ సెక్షనులోనే ఉంది. మండపేటలో ఆడించిన బియ్యం రామచంద్రపురంలో అమ్ముడైతే సంచి మీది పన్ను మిల్లరు నెత్తిన పడుతుంది. అదే బియ్యం కాకినాడ రేవులో ఓడెక్కి ఆఫ్రికాకు వెళితే ఆ పన్ను ఎగుమతిదారుకు వాపసు వస్తుంది. యంత్రాల మీద కట్టినది నగదుగా వాపసు రాదు, సంచులు, విడిభాగాలు, సేవల మీద కట్టినది వస్తుంది. వాపసు కూడా ఎగుమతిదారు కట్టిన పన్నుకే పరిమితం. గట్టు మీద, పొలంలో కట్టినది దారిలోనే ఆగిపోయింది కనుక ప్లాంటుదాకా చేరదు.

మండపేట_మిల్లు
అంటే విదేశంలో అన్నం తినేవాడి పళ్లెంలో మన పన్ను చాలావరకు ఉండదు, మన పళ్లెంలో ఉంటుంది.

అర్థశాస్త్రం_మాస్టారు
ఎగుమతుల మీద పన్ను వదిలేయడం మన దేశం కనిపెట్టిన పక్షపాతం కాదు, విలువ ఆధారిత పన్ను ఉన్న దేశాలు దాదాపు అన్నీ అదే చేస్తాయి. వినియోగదారు ఉన్న దేశమే పన్ను వేసుకుంటుంది. విమర్శ చేయదలిస్తే దేశం లోపల రైతును పెట్టిన చోటును విమర్శించాలి. 1991లో జీఎస్టీ తెచ్చిన కెనడా మౌలిక ఆహార పదార్థాలను, చాలావరకు వ్యవసాయ ఉత్పత్తులను సున్నా రేటులో పెట్టింది. అందువల్ల అక్కడి రైతు రిజిస్టరు చేసుకుని కట్టిన పన్ను వెనక్కి తీసుకుంటాడు. ఐరోపా సమాఖ్యలో మరో దారి ఉంది. లెక్కలు రాయలేని రైతు దగ్గర పంట కొన్న వ్యాపారి ధరపై కొంత శాతం అదనంగా ఇస్తాడు. అది రైతు తన కొనుగోళ్లలో మోసిన పన్నుకు పరిహారం. ఆ మొత్తాన్ని వ్యాపారి తన క్రెడిట్‌గా చూపుకుంటాడు. మన దగ్గర ఈ రెండూ లేవు.

సార్వా_దాళ్వా
మాస్టారు చెప్పిన రెండవ దారి నాకు నచ్చింది. కౌలు రైతుకు దక్కుతుందా అన్నదే నా సందేహం. మా దగ్గర కౌలు పత్రం ఉండదు, ధాన్యం ఎవరి పేరున అమ్మాలన్నా పాస్‌బుక్కు అడుగుతారు. పరిహారం ఇచ్చినా అది భూమి యజమాని ఖాతాకే పోతుంది.

పాత_చెక్‌పోస్టు
ఆ భయం సహేతుకమే. పైగా నేను కెనడా పద్ధతిని ఇక్కడ ఒప్పుకోను. రైతు నెలనెలా రిటర్నులు వేసి వాపసు కోసం కార్యాలయం చుట్టూ తిరగాలంటే, వచ్చే నాలుగు వందల కోసం ఆరు వందలు ఖర్చవుతాయి. తేలికైన దారి ఇన్‌పుట్ మీది రేటు తగ్గించడమే. 2017లో ఎరువుల మీద 12 శాతం అనుకుని, అమలుకు ముందు రోజు 5 శాతానికి దించారు. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లు 12 నుంచి 5 శాతానికి, ట్రాక్టరు టైర్లు 18 నుంచి 5 శాతానికి వచ్చాయి. కోత యంత్రాలు కూడా 5 శాతంలోకి వచ్చాయి. రసాయన పురుగుమందులు మాత్రం 18లోనే మిగిలాయి, కొన్ని జీవ పురుగుమందులకే తగ్గింపు దక్కింది.

రొయ్యల_గట్టు
ట్రాక్టరు కొనేవాడు ఊరికి నలుగురు, మందు కొట్టేవాడు ఊరంతా.

మండపేట_మిల్లు
ట్రాక్టరు, కోత మిషను చౌక అయితే అద్దె తగ్గాలి కదా అనుకుంటాం. మా చుట్టుపక్కల గంట అద్దె తగ్గిన దాఖలా నాకైతే కనిపించలేదు.

పాలకొల్లు_కిరాణా
అదే తేదీ నుంచి సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టు, తలనూనె, బిస్కట్లు 18 నుంచి 5కు, నెయ్యి, వెన్న 12 నుంచి 5కు తగ్గాయి. పాత సరుకు మీద పాత ధర ముద్రించి ఉండగా కొత్త ధరకు ఇమ్మని జనం దబాయించారు, వాళ్ల తప్పేమీ లేదు. పెద్ద ప్యాకెట్ల ధర తగ్గింది, చిన్న ప్యాకెట్లు అదే ధరకు ఉండి బరువు పెరిగింది. కూలి పనికి వెళ్లేవారు కొనేవి చిన్న ప్యాకెట్లే కనుక, చేతిలో మిగిలిన చిల్లర ఏమీ వాళ్లకు కనిపించదు. కంపెనీలు తగ్గింపును పూర్తిగా ఇచ్చాయో లేదో ఎవరు చూస్తారు?

సీఏ_ఇంటర్_కుర్రాడు
మొదట్లో దానికి ప్రత్యేక సంస్థ ఉండేది, 2022 డిసెంబరులో ఆ పని కాంపిటీషన్ కమిషన్‌కు, తరువాత జీఎస్టీ ట్రిబ్యునల్‌కు వెళ్లింది. 2025 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఫిర్యాదులు తీసుకోవడం ఆపేశారు. అంటే అన్నింటికంటే పెద్ద తగ్గింపు వచ్చిన నాటికి ఆ తలుపు మూసి ఉంది.

తణుకు_హార్డ్‌వేర్
ఇంతసేపూ క్రెడిట్ దక్కేవాడు సుఖపడుతున్నట్టు మాట్లాడుతున్నారు. నా సంగతి చెబుతాను. ఒక సరఫరాదారు దగ్గర సరుకు కొని, పన్నుతో సహా మొత్తం బ్యాంకు ద్వారా చెల్లించాను. ఆయన తన జీఎస్టీఆర్-1లో, అంటే అమ్మకాల రిటర్నులో, నా బిల్లు చూపలేదు. 2022 జనవరి నుంచి నియమమేమిటంటే, అమ్మినవాడు బిల్లు ఎక్కించి అది నా 2బీలో (పోర్టల్ ఇచ్చే నా క్రెడిట్ పట్టికలో) కనిపిస్తేనే నాకు క్రెడిట్. చేసేది లేక అదే పన్ను నా జేబులోంచి మళ్లీ కట్టాను. ఆయనకు ఫోను చేస్తే "వచ్చే నెల ఎక్కిస్తాం" అని ఏడాది గడిపారు. తప్పు ఒకరిది, శిక్ష ఇంకొకరికి. పెద్ద కంపెనీ అయితే బిల్లు ఎక్కించేదాకా ఆ పన్ను మొత్తం ఆపి ఉంచుతుంది. అలా ఆపే బలం నాకు లేదు, నేను ఆపితే సరుకే ఆగుతుంది.

లెడ్జరు_భీమవరం
ఎవరికి లాభమన్న మొదటి ప్రశ్నకు ఇదొక జవాబు. ఒకే చట్టం, ఒకే రేటు. లాభపడేది మాత్రం గొలుసు మొత్తాన్ని తన అదుపులో ఉంచుకోగలిగినవాడు. పూర్వం పెద్ద కంపెనీలు సీఎస్టీ తప్పించుకోవడానికి ప్రతి రాష్ట్రంలో ఒక గోదాము పెట్టేవి. ఇప్పుడు ఆ అవసరం లేదు, చెక్‌పోస్టులూ లేవు, లారీ నేరుగా వస్తుంది. 50,000 రూపాయలు దాటిన సరుకుకు ఆన్‌లైన్‌లో తీసుకునే రవాణా పత్రం, ఈ-వే బిల్లు, చాలు. ఆ ఆదా నిజమైనదే, కాకపోతే ఎక్కువ భాగం పెద్దవారికే దక్కింది.

అంబాజీపేట_పీచు
చిన్నవారి కోసం కాంపోజిషన్ పథకం ఉందని ఎవరో ఒకరు అంటారు, నేనే ముందు చెబుతున్నాను. కొబ్బరి పీచు చాపల పని మాది. కోటిన్నర లోపు అమ్మకాలున్నవారు అమ్మకంపై 1 శాతం కడితే చాలునని ఆడిటరు చెప్పగా అందులో చేరాము. కాగితాల పని తగ్గిన మాట నిజం. అయితే కొనేవారికి మా బిల్లు మీద క్రెడిట్ రాదు, పక్క రాష్ట్రానికి అమ్మకూడదు. మా సరుకు కొనే టోకు వ్యాపారులు ఒక్కొక్కరే మామూలు రిజిస్ట్రేషన్ ఉన్నవారి దగ్గరకు వెళ్లిపోయారు. చివరకు మేమూ మామూలు పద్ధతికే మారాము.

రేకుల_ఇల్లు
మాది ఆత్రేయపురం. ఇంటి దగ్గర ముగ్గురం ఆడవాళ్లం పూతరేకులు చేసి అమ్ముతాము. ఏడాది అమ్మకం 40 లక్షల దరిదాపుల్లో కూడా లేదు కనుక రిజిస్ట్రేషన్ అక్కర్లేదని ఇన్నాళ్లూ అనుకున్నాము. ఇప్పుడు హైదరాబాదు నుంచి పెళ్లిళ్లకు ఆర్డర్లు వస్తున్నాయి, కొరియరులో పంపమంటున్నారు. ఏమైనా ఇబ్బంది ఉందా?

సీఏ_ఇంటర్_కుర్రాడు
ఉందండీ. 40 లక్షల పరిమితి రాష్ట్రం లోపల అమ్మేవారికే. పక్క రాష్ట్రానికి సరుకు అమ్మితే మొదటి పెట్టె నుంచే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 2014కు ముందైతే హైదరాబాదు మన రాష్ట్రమే, ఇప్పుడు కాదు. రాజమండ్రికీ విజయవాడకూ పంపితే ఏమీ అవసరం లేదు. ఆన్‌లైన్ అమ్మకపు వేదికల ద్వారా అమ్మినా, 2023 అక్టోబరు నుంచి సొంత రాష్ట్రంలోని వినియోగదారులకు అమ్మే చిన్నవారు రిజిస్ట్రేషన్ లేకుండా నమోదు సంఖ్య ఒకటి తీసుకుంటే చాలు.

పాత_చెక్‌పోస్టు
ఇది నాకూ నచ్చని నియమం. సేవలు అందించేవారికి 20 లక్షల లోపు ఉంటే పక్క రాష్ట్రానికైనా మినహాయింపు ఇచ్చారు, కొన్ని హస్తకళా వస్తువులకూ ఇచ్చారు. మిఠాయికి ఇవ్వలేదు.

రేకుల_ఇల్లు
రిజిస్టరు చేసుకుంటే ధర ఎంత పెరుగుతుంది? ప్రతి నెలా ఆడిటరు దగ్గరకు వెళ్లాలా?

లెడ్జరు_భీమవరం
మిఠాయికి 5 శాతం. మీరు కొనే నెయ్యి, అట్టపెట్టెల మీద కట్టిన పన్ను అందులోంచి తీసివేసుకోవచ్చు కనుక నిజంగా కట్టేది అంతకంటే తక్కువే ఉంటుంది. నెయ్యి బిల్లు మీ జీఎస్టీ నంబరుతో తీసుకోండి, లేకపోతే అది దక్కదు. ఒకసారి రిజిస్టరు అయ్యాక ఊళ్లో అమ్మే పెట్టెకు కూడా పన్ను వేయాలన్నది గుర్తుంచుకోండి. ఐదు కోట్ల లోపు అమ్మకాలున్నవారు మూడు నెలలకొకసారి రిటర్ను వేసే పద్ధతి ఎంచుకోవచ్చు, పన్ను మాత్రం నెలనెలా చలానాతో కట్టాలి.

సార్వా_దాళ్వా
నా ప్రశ్నకు జవాబు దొరికింది, నచ్చలేదు గానీ దొరికింది. ఇంకొకటి మిగిలింది. మేము పదిమంది కలిసి రైతు ఉత్పత్తిదారుల సంస్థ పెట్టి, దాని పేరున మందులూ పైపులూ కొంటే ఆ క్రెడిట్ సంస్థకు వస్తుందా?

లెడ్జరు_భీమవరం
సంస్థ రిజిస్టరు చేసుకుని మందులు కొని మీకే అమ్మితే దుకాణదారుకు వచ్చినట్టే క్రెడిట్ వస్తుంది, మీరు మళ్లీ 18 శాతం కట్టి కొంటారు. డీలరు మార్జిను మిగులుతుంది, పన్ను మిగలదు. మీ ధాన్యాన్ని సంస్థ బియ్యంగా ఆడించి, 25 కిలోల లోపు సంచుల్లో లేబులుతో అమ్మితే అది 5 శాతం సరుకు కనుక మిల్లు యంత్రాలు, సంచుల మీద పూర్తి క్రెడిట్ దక్కుతుంది. అయితే సభ్యులు పొలంలో కొట్టిన మందు మీది పన్ను అప్పుడు కూడా లెక్కలోకి రాదు, అది ధాన్యం ధరలోనే ఉండిపోతుంది.

మండపేట_మిల్లు
ఆ సంచుల పక్కనే మేము 26 కిలోల బస్తా పెట్టి అమ్ముతూ ఉంటాము, అది కూడా లెక్కలో వేసుకుని దిగండి.

రేకుల_ఇల్లు
రిజిస్ట్రేషనుకు ఇంటి కరెంటు బిల్లు సరిపోతుందా? మీటరు మా మామగారి పేరున ఉంది.

సీఏ_ఇంటర్_కుర్రాడు
సరిపోతుందండీ. దానికి తోడు ఆ చోట వ్యాపారం చేసుకోవడానికి అభ్యంతరం లేదని మీ మామగారు సంతకం చేసిన సమ్మతి పత్రం జతచేయండి.